మూడు గదుల గుండె

పోయిన ఆదివారం మా వంటింట్లో ఒక బొద్దింక కనిపించింది. కనిపించగానే నేనేం చేశానో మీకు వేరే చెప్పక్కర్లేదు. మీరైతే ఏం చేస్తారో అదే చేశాను. కెవ్వున అరిచి, కాలి చెప్పు విప్పి చేత పుచ్చుకున్నాను. ఇంతలో "ఆగు పిన్నీ, ఆగు!" అంటూ మా అక్క కూతురు శ్రావణి పరుగెత్తుకొచ్చి, గట్టు మీదున్న గాజుగ్లాసు తీసి దాని మీద బోర్లించేసింది.

"దాన్ని పెంచుకుంటావుటే?" అన్నాను.

"పెంచుకోను. ఒక్క నిమిషం చూస్తాను" అంది, గట్టుకి గడ్డం ఆనించి.

శ్రావణి డిగ్రీ రెండో సంవత్సరం చదువుతోంది. జువాలజీ. "చూడు పిన్నీ, మీసం ఎలా తుడుచుకుంటోందో" అంటూ నన్ను కూడా వంగదీసింది. నిజమే. గ్లాసులో చిక్కిన ఆ పురుగు తన పొడుగాటి మీసాన్ని ముందుకాలితో కిందికి వంచి, నోట్లోకి తీసుకుని, మొదలు నుంచి చివరిదాకా తీరిగ్గా శుభ్రం చేసుకుంటోంది. ఒక మీసం అయ్యాక రెండోది. తలంటు పోసుకున్న ఆడపిల్ల ఎండలో కూర్చుని చిక్కు తీసుకున్నట్టే వుంది. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచి నేను చంపిన బొద్దింకలు ఎన్నో లెక్కలేదు గాని, ఒక్కదాన్నీ ఇలా చూసిన పాపాన పోలేదు.

"మన గట్టు కంటే అదే శుభ్రంగా వున్నట్టుందే!" అన్నారు మావారు పేపరు లోంచి తలెత్తకుండా. ఆయన సంగతి అలా వుంచండి.

నన్ను బాధపెట్టింది బొద్దింక కాదు. మా బంధువుల్లో నాకు 'జాలిగుండె' అని పేరు. సినిమాలో కుక్కపిల్లకి దెబ్బ తగిలినా కళ్ళు తుడుచుకుంటాను. నా నవలలు చదివిన వాళ్ళు కూడా "మీ మనసు వెన్నండీ" అని ఉత్తరాలు రాస్తూ వుంటారు. మా అక్క సంగతి వేరు. అది బి.జడ్.సి. చదివింది. కప్పల్ని కోసింది. అందుచేత దానికి 'రాతిగుండె' అని పేరు. ఈ పేర్లు మా ఇంట్లో ముప్ఫయ్యేళ్ళ కిందట పడ్డాయి. ఎవరిది ఏ గుండె అన్న ఆ లెక్క సరిచూసుకోవలసిన అవసరం ఆ గ్లాసు ముందు కూర్చున్నప్పుడు వచ్చింది. అందుకే ఈ నాలుగు మాటలూ.

మాది కాకినాడ. నాన్నగారు బడిపంతులు. అక్కని డాక్టర్ని చేయాలని ఆయన కోరిక. అక్క ఎంసెట్ రెండుసార్లు రాసింది. రెండుసార్లూ సీటు అందినట్టే అంది జారిపోయింది. 1994లో డిగ్రీలో చేరింది. బోటనీ, జువాలజీ, కెమిస్ట్రీ. ఆ రోజుల్లో మా ఊళ్ళో జువాలజీ అంటే డాక్టరు సీటు రాని పిల్లలకి ఇచ్చే ఓదార్పు బహుమతి. "ఏం చదువుతున్నావమ్మా?" అని ఎవరైనా అడిగితే అక్క "జువాలజీ" అనేది. వాళ్ళు "అయ్యో, పోన్లే" అనేవారు. ఒక చదువు పేరు చెబితే పరామర్శ చేయడం నేను అక్కడే చూశాను.

నేను ఇంటర్ ఆర్ట్సు గ్రూపు. లెక్కలంటే భయం, రక్తమంటే భయం. ఇద్దరికీ ఒకటే గది. నా వైపు శరత్ నవలలు, అక్క వైపు రికార్డు పుస్తకాలు, చెక్కిన పెన్సిళ్ళు, తోలు సంచీలో చుట్టిపెట్టిన కత్తెరలూ పట్టకార్లూ సూదులూ. అది కాలేజీ నుంచి వస్తే దాని ఓణీకి ఫార్మలిన్ వాసన వేసేది. ఉల్లి వాసన కంటే మొండిది. రెండు ఉతుకులకి కూడా పోదు. "ముందు స్నానం చేసి రావే తల్లీ" అని నాయనమ్మ గుమ్మంలోనే ఆపేసేది. "ఆడపిల్లవి, బెండకాయలు కోస్తే చాలదుటే? కప్పల్ని కోసి ఆ పాపం ఏ గంగలో కడుక్కుంటావే?" అనేది.

అక్క ఏమీ అనేది కాదు. అన్నం దగ్గర మాత్రం నోరు ఊరుకునేది కాదు. ఒకరోజు అమ్మ రొయ్యలు ఒలుస్తూ వీపు మీది నల్లదారాన్ని లాగి పారేస్తూ వుంటే "నరాలు తీయడం అయిందా?" అన్నాను. "అది నరం కాదే, దాని పేగు" అంది అక్క. "దాని గుండె ఎక్కడుంటుందో తెలుసా? నువ్వు తల అనుకుని విరిచి పారేస్తావే, అందులో." ఆ పూట నేను రొయ్యలు తినలేదు. మర్నాడు తిన్నాను లెండి.

అది చదివే చదువులో ఒక వరస వుండేది. మొదటి సంవత్సరం ఒంటికణం అమీబాతో మొదలుపెట్టి వానపాము, బొద్దింక, రొయ్య, నత్త. అన్నీ వెన్నెముక లేనివి. రెండో ఏడు చేప, కప్ప, తొండ, పావురం, కుందేలు. మెట్టు మెట్టూ ఎక్కి చివరికి మనిషి గుమ్మం దాకా తీసుకొచ్చి వదిలేస్తారన్నమాట. "మన చెవిలో చిన్న ఎముకలున్నాయే, వాటిలో రెండు ఒకప్పుడు పాకే జంతువులకి దవడ ఎముకలే" అని అది చెబితే, కథలు రాసుకునే నాకు ఒళ్ళు గగుర్పొడవాలి. పొడవలేదు. "ఛీ, అన్నం తినే వేళ దవడలేమిటే" అన్నాను.

ఇక అసలు సంగతికొస్తాను.

1995లో వానాకాలం. అక్క క్యారియరు మరిచిపోయి కాలేజీకి వెళ్ళింది. అమ్మ నన్ను పంపింది. లాబ్ దగ్గరికి వెళ్ళేసరికి ఇరవైమంది అమ్మాయిలు తెల్లకోట్లు వేసుకుని బల్లల మీదికి వంగి వున్నారు. మైనం పోసిన పళ్ళెంలో వెల్లకితలా పడుకోబెట్టిన కప్ప. నాలుగు కాళ్ళకీ గుండుసూదులు. అక్క నన్ను చూసి "రా, ఇలా రా, ఇది చూడు" అని ఎంతో సంబరంగా పిలిచింది. వెళ్ళాను. కోసిన పొట్టలో, చింతగింజంత, ఎర్రగా, ఒకటి కొట్టుకుంటోంది. క్లోరోఫారం ఇచ్చిన కప్పకి తెలివి లేదు. దాని గుండెకి మాత్రం ఆ సంగతి తెలియదు. ముడుచుకుంటోంది, విచ్చుకుంటోంది. "బయటికి తీసి ఉప్పునీళ్ళలో పెట్టినా కాసేపు ఇలాగే కొట్టుకుంటుంది. దానికి ఎవరూ చెప్పక్కర్లేదు, దానంతట అదే" అంటోంది అక్క. దాని కళ్ళు మెరుస్తున్నాయి.

నాకు ఆ తర్వాతి మాటలు వినపడలేదు. క్యారియరు బల్ల మీద పెట్టి బయటికి పరుగెత్తాను. వరండాలో కూలబడి ఏడ్చాను. ఇంటికొచ్చి మూడు రోజులు అక్కతో మాట్లాడలేదు. అలా మెరిసిన కళ్ళని క్షమించడం నా వల్ల కాలేదు.

నాలుగో రోజున కథ రాశాను. పేరు 'నిర్దయ'. అందులో నిర్మల అనే అమ్మాయి నవ్వుతూ కప్పని కోస్తుంది. చెల్లెలు ఏడుస్తుంది. చివర్లో ఒక వాక్యం రాసుకుని నాకు నేనే మురిసిపోయాను. 'నాలుగు గదుల ఆ చిన్ని గుండె, నాలుగు దిక్కులకీ సాయం కోసం కొట్టుకుంటోంది' అని. ఒక వారపత్రికకి పంపిస్తే వేశారు. నా మొదటి కథ అదే. నూట యాభై రూపాయల మనియార్డరు వచ్చింది. నాన్నగారు పోస్ట్‌మాన్‌కి అయిదు రూపాయలిచ్చారు. వీధి వీధంతా చదివారు. నిర్మల అంటే ఎవరో అందరికీ తెలుసు. నాకు జాలిగుండె అన్న పేరూ, దానికి రాతిగుండె అన్న పేరూ ఆ వారంలోనే ఖాయమయ్యాయి.

అక్క కథంతా చదివింది. పత్రిక మడిచి నా బల్ల మీద పెట్టింది. ఒక్క మాటే అంది.

"కప్ప గుండెకి నాలుగు గదులు కాదే. మూడే."

అంతే. కోప్పడలేదు. ఏడవలేదు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఒక ప్రాణం పోతూ వుంటే గదుల లెక్కేమిటని! గుండె గదులు లెక్కపెట్టే వాళ్ళకి గుండె వుండదని మనసులో తీర్మానించుకున్నాను. చాలా ఏళ్ళు ఆ తీర్మానం మీదే బతికాను.

చంపి నేర్చుకోవచ్చునా అన్న ప్రశ్న చిన్నది కాదు. సలీం ఆలీ గారి పేరు మీరు వినే వుంటారు. మన దేశంలో పక్షుల గురించి ఆయనంత ఎరిగినవారు లేరు. 1896లో పుట్టి 1987లో పోయారు. ఆయనకి పక్షుల మీద ప్రేమ ఎలా పుట్టిందీ? చిన్నప్పుడు బొంబాయిలో ఎయిర్‌గన్‌తో ఒక పిచ్చుకని కొట్టారు. దాని గొంతు దగ్గర పసుపు మచ్చ వుంది. ఇదేం పిచ్చుక అని సందేహం వచ్చి, అక్కడి ప్రకృతి చరిత్ర సంఘానికి పట్టుకెళ్ళారు. అక్కడి కార్యదర్శి మిల్లార్డ్ దొర సొరుగులు లాగి, దూది కూరి దాచిన వందల పిట్టల్ని చూపించారు. అన్నీ చచ్చినవే. ఆ చచ్చిన పిట్టల మధ్య ఒక జీవితకాలపు ప్రేమ పుట్టింది. ఆయన తర్వాత కూడా పరిశోధన కోసం పిట్టల్ని కాల్చారు. భరత్‌పూర్ లాంటి చోట్ల లక్షల పక్షులకి ఆశ్రయం నిలబెట్టినవారిలోనూ ఆయనే ముందున్నారు. ఆయనది రాతిగుండె అందామా, జాలిగుండె అందామా?

ఇంకో పక్కన డార్విన్ వున్నాడు. అంత పేరు సంపాదించిన పెద్దమనిషి చివరి రోజుల్లో ఏం చేశాడనుకున్నారు? వానపాముల్ని కుండీల్లో పెట్టుకుని రాత్రిళ్ళు దీపంతో కూర్చుని చూశాడు. వాటికి చెవులున్నాయా అని ఇంట్లో పియానో వాయించి చూశారు. ఎంత గట్టిగా వాయించినా వాటికి చీమ కుట్టినట్టయినా లేదు. కుండీలని పియానో మీద పెట్టి వాయిస్తే మాత్రం ఆ అదురుకి బొరియల్లోకి దూరిపోయాయి. ఆ ముచ్చట్లన్నీ కలిపి 1881లో ఒక పుస్తకం వేశాడు. మర్నాటి ఏడు పోయాడు. పొలాల్లో మనం తొక్కే మట్టిని గుల్లచేసి మన కంచంలోకి అన్నం పంపించే వాటిలో ఈ పురుగొకటని లోకానికి చాటిన పుస్తకం అది. కత్తి పట్టకుండా కళ్ళతోనే ఎంత తెలుసుకోవచ్చో దానివల్ల తెలుస్తుంది.

ఈ రెండు కథలూ అక్కే చెప్పింది నాకు. అయితే, చెప్పింది మొన్న మొన్న. అంతకు ముందు చెప్పినా నేను వినేదాన్ని కాదు. వినేలా చేసింది అమ్మ జబ్బు.

2016లో అమ్మకి షుగరు ఎక్కువై కాలి మడమ దగ్గర పుండు పడింది. అప్పటికి నాన్నగారు లేరు. అమ్మ మా ఇంట్లోనే వుంది. జాలిగుండె గల కూతురు దగ్గర వుంటే బాగా చూసుకుంటుందని అందరూ అన్నారు. డాక్టరు గారు రోజూ కట్టు ఎలా మార్చాలో దగ్గరుండి నేర్పారు. మొదటి రోజు కట్టు విప్పాను. వాసన. లోపల కనిపించిన రంగు. కళ్ళు తిరిగి గోడకి జారబడిపోయాను. అమ్మే నా మొహాన నీళ్ళు చల్లింది, ఒంటికాలి మీద నిలబడి! రెండో రోజు మొహం పక్కకి తిప్పుకుని కట్టు కట్టాను. చూడకుండా కట్టిన కట్టు ఎలా వుంటుందో మీరే ఊహించుకోండి. మూడో రోజు అక్కకి ఫోను చేశాను.

అక్క అప్పటికి జూనియర్ కాలేజీలో జువాలజీ పాఠాలు చెబుతోంది. సాయంత్రం కాలేజీ కాగానే వచ్చేది. చేతులు కడుక్కుని, అమ్మ కాలు ఒళ్ళో పెట్టుకుని, దీపం దగ్గరికి లాక్కుని ముందు చూసేది. తొందర లేకుండా చూసేది. "ఎర్రగా, తడిగా వుంటే మానుతోందన్నమాట. నల్లబడితే మాత్రం ఆ రోజే డాక్టరుకి చెప్పాలి" అనేది. కట్టు కట్టాక ఒక నోటుపుస్తకం తీసి, పెన్సిలుతో పుండు బొమ్మ గీసేది. తేదీ, పొడవు, వెడల్పు. అచ్చం కాలేజీ రికార్డు గీసినట్టే. చుట్టూ చుక్కల గీత, పక్కన పేర్లు. నలభై రోజులు, నలభై బొమ్మలు. పదో రోజు బొమ్మా ఇరవయ్యో రోజు బొమ్మా పక్కపక్కన పెడితే పుండు తగ్గుతున్నట్టు చిన్నపిల్లకైనా తెలుస్తుంది. డాక్టరు గారు ఆ పుస్తకం తిరగేసి "ఎవరమ్మా గీసింది?" అని రెండుసార్లు అడిగారు.

ఒకరోజు గుమ్మం దగ్గర నిలబడి ఏడుస్తున్నాను. అమ్మ చూసింది. నా బాధ దానికి అర్థమయింది కాబోలు. "నువ్వు నా మొహం చూసి ఏడుస్తావు. అది నా కాలు చూసి కట్టు కడుతుంది. రెండూ కావాలే పిచ్చిదానా" అంది.

అమ్మ మాట మంచిదే. కాని అది నన్ను ఓదార్చడానికి అన్నదని నాకు తెలుసు. ఆ నలభై రోజుల్లో నా ఏడుపు వల్ల అమ్మ కాలు ఒక్క నూలుపోగంత కూడా మానలేదు. ఆ రాత్రి వంటింట్లో గిన్నెలు సర్దుతూ అక్కని అడిగాను. "కప్పల్ని కోయబట్టే నీకీ ధైర్యం వచ్చిందా?"

అక్క ఆలోచించింది. "కోయడం వల్ల ఏం రాదే. కోసినవాళ్ళందరికీ వస్తే కసాయివాళ్ళంతా నర్సులయ్యేవారు. చూడడం వల్ల వచ్చింది. జడుపు కలిగించేది ఏదైనా సరే, పక్కకి తిరక్కుండా కాసేపు చూస్తే, అది జడుపు మానేసి దాని కథ అది చెప్పడం మొదలుపెడుతుంది. మా మేడం గారు అదే నేర్పారు. దానికి కప్పలు బలికావాలా అంటే నేను చెప్పలేను."

ఆ మాట దగ్గరే వదిలేసింది. మిగతా మాట మొన్న ఆదివారం, బొద్దింక మీద గ్లాసు బోర్లించి వుండగా వచ్చింది. తీసుకొచ్చింది శ్రావణి.

"అమ్మా, నువ్వు ఎన్ని కప్పల్ని చంపావు?" అంది ఆ పిల్ల, ఎంత మార్కులొచ్చాయి అని అడిగినట్టు.

నేను అక్క మొహం చూశాను. దానికి కోపం వస్తుందనుకున్నాను. రాలేదు. "పదకొండు" అంది వెంటనే. లెక్కపెట్టుకోనక్కర్లేకుండా. "ఎనిమిదో దాని కడుపు నిండా గుడ్లు. నల్లగా, ఆవాల్లాగా. ఆ రోజు రికార్డులో ఆ బొమ్మ అందరి కంటే బాగా గీశానని మేడం మెచ్చుకున్నారు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు."

ముప్ఫయ్యేళ్ళు ఒకే ఇంటి బిడ్డలం. ఈ సంగతి నాకు తెలియదు. తెలుసుకోవాలని అడిగిందెప్పుడు గనక? కథ రాసేసి ఊరుకున్నాను.

ఇప్పుడు శ్రావణి కాలేజీలో కప్ప లేదు. 2011లో యూజీసీ వారు జంతువుల్ని కోయడం క్రమంగా తగ్గించమని మార్గదర్శకాలు ఇచ్చారు. 2014లో డిగ్రీలోనూ పీజీలోనూ అసలు మానేయమన్నారు. ఇప్పటి పిల్లలు కంప్యూటరు తెర మీద కప్పని కోస్తారు. పొరపాటున ఎక్కువ కోస్తే మళ్ళీ మొదటికి వస్తుంది. అసలు కప్పకి ఆ సౌకర్యం లేదు కదా. మన దేశం నుంచి కప్పకాళ్ళు పైదేశాల విందులకి ఎగుమతయ్యేవి. పొలాల్లో పురుగుల్ని తినే కప్పలు తరిగిపోతున్నాయని 1987లో ఆ ఎగుమతి ఆపేశారు. కాలేజీ బల్లల మీదికి రావడం ఆగడానికి ఇంకా చాలా ఏళ్ళు పట్టింది. ప్లేటులోకి రాకూడదన్న కప్ప పళ్ళెంలోకి మాత్రం రావచ్చునని అన్నాళ్ళు మనకి ఎలా తోచిందో!

"నేనైతే కోయనని చెప్పేదాన్ని" అంది శ్రావణి.

"చెప్పేదానివేమో" అంది అక్క. "మాకు ఆ మాట తోచలేదు. మార్కులు పోతాయని భయం. ఇరవైమందిలో ఒక్కరం కూడా మేడం గారిని 'ఇంకో దారి లేదా' అని అడగలేదు. చంపకుండా నేర్చుకునే దారి వున్నప్పుడు చంపడం తప్పే. ఆ దారి వెతకకపోవడం కూడా తప్పే. నీ కాలేజీలో మానేశారు, మంచిపని. కాని ఒకటి. తెర మీది కప్ప ఒంటికి తడి వుండదు. అది ఎప్పుడూ ఒకేలాగ వుంటుంది. బొమ్మ చూసి, నిజం చూశాననుకోకు."

"అందుకేగా కోరంగి వెళ్ళొచ్చాం" అంది శ్రావణి. వాళ్ళ లెక్చరరు పిల్లల్ని మడ అడవులకి తీసుకెళ్ళారుట. పాటు వేళ నీళ్ళు తీశాక బురద మీద రెక్కల్నే కాళ్ళలా వూని గెంతే చేపల్ని ఆ పిల్ల రెండు గంటలు చూసిందిట. నీళ్ళలో వుండవలసిన చేప నేల మీద ఏం చేస్తోందో నోటుపుస్తకంలో నిమిష నిమిషానికీ రాసుకుంది. చూపించింది. బొమ్మలు వాళ్ళమ్మ చేతివాటమే. ఒక్క ప్రాణం పోలేదు, పుస్తకం నిండింది.

చూడడం అంటే ఎంత పనో ఇంకొక్క సంగతి చెప్పి ముగిస్తాను. మన కడప జిల్లాలో కలివికోడి అనే పిట్ట వుంది. 1900 తర్వాత ఎవరికీ కనబడలేదు. అంతరించిపోయిందని పెద్దపెద్ద శాస్త్రవేత్తలు రాసేసుకున్నారు. 1986లో మళ్ళీ దొరికింది. దొరకబుచ్చుకున్నది అక్కడి వేటగాడొకడు. రాత్రిపూట తుప్పల్లో తిరిగే ఆ పిట్టని ఎక్కడ వెతకాలో పుస్తకాలకంటే అతని కళ్ళకే బాగా తెలుసు. దాని కోసమే అక్కడ లంకమల అభయారణ్యం ఏర్పడింది. ఫలానాది వుంది అని ఎవరో ఒకరు చూసి చెబితేనే కదా, దాన్ని కాపాడాలన్న తలంపైనా పుట్టేది!

ఏడ్చేవాళ్ళు అక్కర్లేదని నేననను. మూగజీవాలని హింసించకూడదని ఒక చట్టం కావాలంటూ రాజ్యసభలో బిల్లు తెచ్చినది శాస్త్రవేత్త కాదు, నాట్యకారిణి. రుక్మిణీదేవి అరండేల్. ఆవిడ పట్టుదల వల్లనే 1960లో ఆ చట్టం వచ్చింది. కాని ఆవిడ ఏడ్చి ఊరుకోలేదు. ఎక్కడ ఏం జరుగుతోందో తెలుసుకున్నారు, నలుగురికీ తెలియజెప్పారు. నేనేం చేశాను? క్యారియరు బల్ల మీద పెట్టి పారిపోయాను. పారిపోయి, చూడని దాని గురించి కథ రాశాను. అందులో కప్ప మీద జాలి ఎంత వుందో, నా మీద నాకున్న ముచ్చట ఎంత వుందో ఇప్పుడు తూచుకుంటే సిగ్గేస్తుంది. కప్ప మీద నిజంగా జాలి వున్నదాన్నయితే దాని గుండెకి ఎన్ని గదులో అయినా అడిగి వుండేదాన్ని. అక్క మీద జాలి వుండి వుంటే రాత్రి నిద్ర పట్టిందా అని అడిగి వుండేదాన్ని. పక్కమంచమే కదా!

మనలో చాలామందిమి ఇంతే. ఆస్పత్రిలో రోగిని చూడలేం. "నేను తట్టుకోలేనండీ, నా మనసు సున్నితం" అని గుమ్మం లోంచే వెనక్కి వచ్చేస్తాం. ఆ సున్నితం ఎవరికి సుఖం? మనకే. తట్టుకోవలసిన వాళ్ళు ఎవరో లోపల తట్టుకుంటూనే వుంటారు. వాళ్ళకి రాతిగుండె అని మనమే పేరు పెడతాం.

బొద్దింక ఏమయిందంటారా? శ్రావణి గ్లాసు కిందికి అట్టముక్క దూర్చి, దొడ్డి గోడ అవతల వదిలి వచ్చింది. మళ్ళీ వస్తుందేమో తెలియదు. వస్తే చెప్పు విప్పనని మీకు మాటివ్వలేను. వంటిల్లు వంటిల్లే. కొట్టే ముందు ఒక్కసారి చూస్తాను. ఇప్పటికి అంతవరకే చేతనవుతుంది.

ఇంకో పని మాత్రం చేశాను. నా కథలన్నీ కలిపి ఈ ఏడు పుస్తకంగా వేస్తామని ప్రచురణకర్తలు ప్రూఫులు పంపించారు. 'నిర్దయ' తీసేద్దామనుకున్నాను. తీసేస్తే దొంగతనం దాచుకున్నట్టే అవుతుందని వుంచాను. ఆ చివరి వాక్యం దగ్గర 'నాలుగు' కొట్టేసి 'మూడు' అని రాశాను. నాలుగు దిక్కుల మాట అతకలేదు. అది కూడా కొట్టేశాను. వాక్యం మునుపటంత అందంగా లేదు. అక్కకి చూపిస్తే కళ్ళజోడు పెట్టుకుని చదివింది.

"ఇప్పుడు సరిగ్గా వుందే" అంది.